అలిపిరి మెట్లు ఎక్కబోతున్నారా? ముందు మోకాళ్ళ సంగతి చూసుకోండి

బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే చాలా ఇళ్ళల్లో నడిచి తిరుమల కొండెక్కే మొక్కు ఒకటి గుర్తొస్తుంది. దర్శనం టికెట్లు, రూము, సెలవు అన్నీ నెలల ముందే చూసుకుంటాం, కాళ్ళ గురించి మాత్రం పాదాల మండపం దగ్గర చెప్పులు విప్పాకే ఆలోచిస్తాం. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి కనీసం నెల, కుదిరితే నెలన్నర ముందు మొదలుపెట్టండి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల నడక. అపార్ట్‌మెంట్లో అంతస్తుకు 20 మెట్లు వేసుకున్నా ఇది 175 అంతస్తులు దాటుతుంది. అందులో ఎక్కువ కష్టం మొదటే, గాలిగోపురం వరకు. ఆ తర్వాత చాలా దూరం కాస్త చదునుగా సాగి, మళ్ళీ చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర నిలువుగా లేస్తుంది. శ్రీవారి మెట్టు వైపు 2,388 మెట్లే, దూరం కూడా రెండు కిలోమీటర్ల పైచిలుకే, అందుకని మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అటు వెళ్తే సులువనుకుంటారు. అదే కొండ ఎత్తుని అంత తక్కువ దూరంలో ఎక్కాలి కాబట్టి అక్కడ కాళ్ళకి ఊపిరి తీసుకునే చోటు తక్కువ. త్వరగా అయిపోతుంది, సులువుగా అయిపోదు.

మెట్టు ఎక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం మన బరువుకి మూడు రెట్ల దాకా ఉంటుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. అంటే 70 కిలోల మనిషి మోకాలు ప్రతి అడుగుకీ 200 కిలోలకు పైగా మోస్తోందన్నమాట. ఆ భారాన్ని పంచుకునేవి తొడ కండరాలు, పిరుదులు, పిక్కలు. అవి బలంగా లేకపోతే అంతా మోకాలి చిప్ప మీద, లోపలి గుజ్జు మీద పడుతుంది. దిగడం అయితే మరీను. ఒళ్ళు ఒక్కసారిగా కిందికి పడిపోకుండా తొడ కండరం సాగుతూనే బిగపట్టి ఆపాలి, అలవాటు లేని కండరానికి సన్నటి చీలికలు వచ్చేది అక్కడే. మర్నాడో మూడోనాడో మంచం దిగలేనంతగా తొడలు పట్టేసేది అందుకే.

అందుకని నా గట్టి సలహా ఒక్కటే: నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. మొక్కు ఎక్కడానికే కదా. ముఖ్యంగా 45 దాటినవాళ్ళు, ఒంటి బరువు ఎక్కువున్నవాళ్ళు దర్శనం అయిన అలసట మీద ఆ మెట్లన్నీ మళ్ళీ దిగే సాహసం చేయకండి.

ముందు నెలలో చేయాల్సినవి పెద్ద కష్టమైనవి కావు. రోజు మార్చి రోజు ఇంట్లోనో ఆఫీసులోనో మెట్లెక్కండి, మొదట మూడు నాలుగు అంతస్తులతో మొదలుపెట్టి వారానికి కొంచెం కొంచెం పెంచండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ మెల్లగా కూర్చోవడం, పది చొప్పున మూడు విడతలు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మడమలు మెల్లగా దించడం. కిందికి దిగే భాగం ఎంత నిదానంగా చేస్తే అంత లాభం, చాలామంది దబ్బున కూర్చుని అసలు లాభం పోగొట్టుకుంటారు. ఈ నెలలో కొన్ని రోజులైనా మెత్తని చెప్పుల్లేకుండా నడవడం అలవాటు చేయండి, ఎందుకంటే అక్కడ ఎక్కువమంది నడిచేది వట్టికాళ్ళతోనే, అలవాటు లేని అరికాలికి మడమ నొప్పి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. ఎండకి కాలిన మెట్టు మీద బొబ్బలొచ్చినా మీకు తెలియదు. మందపాటి సాక్సులు వేసుకుని తెల్లవారుజామునే బయల్దేరి, మధ్యమధ్యలో అరికాళ్ళు చూసుకోండి.

60 దాటినవాళ్ళు, బీపీ, షుగర్, ఆయాసం, కీళ్ళ జబ్బులున్నవాళ్ళు నడకదారిన రాకపోవడమే మంచిదని టీటీడీ కూడా చెప్పింది. దీన్ని భక్తికి పరీక్షగా తీసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళు "నేను రాగలనురా" అంటే వాళ్ళ మాట కొట్టేయలేక తీసుకెళ్ళే పిల్లలు చాలామందే ఉంటారు. అమ్మానాన్నలకి బస్సెక్కించి పైన కలుసుకోండి.

బ్యాగులు మోయొద్దు, అలిపిరిలో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మెట్లెక్కడం నడుముకి మంచిది కాదు. పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి, రెండేసి మెట్లు దాటకండి, కూర్చుంటే ఐదు నిమిషాలకు మించి కూర్చోకండి, కాళ్ళు బిగిసిపోతాయి. నీళ్ళతో పాటు మజ్జిగో ఓఆర్ఎస్సో తాగుతూ ఉండండి.

మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టే మొక్కుంటే అది పూర్తిగా వేరే సంగతి. అన్నిసార్లు నడుము వంచితే ఎంత గట్టి నడుమైనా పట్టేస్తుంది. మీరు నిలబడ్డ మెట్టుకి కాకుండా మూడు నాలుగు మెట్లు పైనున్న దానికి పెట్టండి, వంగడం తగ్గుతుంది. రెండో చెయ్యి తొడ మీద ఆనించండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులేసుకుంటే మరీ మంచిది. డిస్క్ జారి, కాల్లోకి నొప్పి దిగుతున్నవాళ్ళు ఈ మొక్కు ఇంకొకరితో తీర్పించుకోవాలి. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కేవాళ్ళు కింద మందంగా మడిచిన బట్ట కట్టుకోండి, లేదంటే చిప్ప ముందు నీరు చేరి వాస్తుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళు దాని జోలికే పోవద్దు. దారిలో ఉండే తలయేరు గుండు అనే బండరాయికి మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు రావని పెద్దల నమ్మకం, ఆనించండి, ఈ జాగ్రత్తలూ పాటించండి.

ఎక్కే ముందు నొప్పి మాత్ర వేసుకోవడం చాలామందికి ఉన్న అలవాటు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వేసుకుని చెమటలు కారేలా నడిస్తే కిడ్నీల మీద దెబ్బ పడొచ్చు, పైగా నొప్పి తెలియక మోకాలిని ఇంకా అరగదీస్తాం.

దారిలో పిక్క పట్టేస్తే మోకాలు చాపి, పాదం వేళ్ళని మీ వైపు లాగి పట్టుకోండి, వదులుతుంది. కాలు బెణికితే ఐసు బట్టలో చుట్టి పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. పిక్కలో ఎవరో రాయితో కొట్టినట్టు చురుక్కుమంటే కండరమో, దాన్ని మడమకి కలిపే తాడులాంటి స్నాయువో తెగి ఉండొచ్చు. మోకాలు మధ్యలో లాక్ అయిపోయి చాపలేకపోయినా అక్కడితో ఆపేయండి. ఛాతీ బరువెక్కడం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పిని మాత్రం కండరాల నొప్పి అని సర్దిచెప్పుకోవద్దు. 1,500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం దొరుకుతుంది, పైన అశ్విని ఆసుపత్రి ఉంది.

ఇంటికొచ్చాక మూడు రోజుల వరకు తొడలు నొప్పిగా ఉండటం మామూలే, మెల్లగా నడుస్తుంటే తగ్గిపోతుంది. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, నడుము నొప్పితో పాటు తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.