పీజీఈ2 ఎలైజా: ప్లేటుకు ముందే చూసుకోవాల్సినవి

ప్రోస్టాగ్లాండిన్ ఈ2 (పీజీఈ2) ఒంట్లో కణాలు తయారుచేసే సంకేత పదార్థం. దాన్ని యాంటీబాడీతో కొలిచే ఎలైజా పరీక్షలో పెద్ద తప్పులు ప్లేటు (చిన్న బావులున్న పలక) మీద కన్నా శాంపిలు తీసే దగ్గరే జరుగుతాయి. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లలోని కాక్స్ ఎంజైము కొత్త ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తూ పోతుంది. కాబట్టి గడ్డకట్టిన రక్తం నుంచి తీసే సీరం వద్దు. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో, కాక్స్‌ను ఆపే ఇండోమెథాసిన్ ముందే వేసుకోండి: ఎథనాల్‌లో కలిపిన 10 మిల్లీమోలార్ స్టాక్ ఒక మి.లీ. రక్తానికి 1 మైక్రోలీటరు చొప్పున. అప్పుడు గాఢత 10 మైక్రోమోలార్ వస్తుంది. వెంటనే 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు.

ఇంత చేసినా ప్లాస్మాలో అసలు పీజీఈ2 దొరికేది బహు కొంచెం, ఊపిరితిత్తుల్లోనే చాలా భాగం విరిగిపోతుంది. ఒంట్లో ఎంత తయారైందో తెలియాలంటే దాని మెటబొలైట్‌ను (విరిగాక మిగిలే పదార్థాన్ని) కొలిచే కిట్ మేలు. మూత్రమైతే, అది ఎంత పలచగా ఉందన్న తేడా పోవడానికి, ఫలితాన్ని క్రియాటినిన్‌తో భాగించాలి. కల్చర్ మీడియం వీటన్నిటికంటే సులువు. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దింపేసి, స్టాండర్డులను (పోల్చడానికి వాడే, గాఢత తెలిసిన పీజీఈ2 ద్రావణాలను) కూడా అదే తాజా మీడియంలో కలపండి. సీరం కలిపిన మీడియంలోనే కొంత పీజీఈ2 ఉంటుంది, ఖాళీ మీడియం బావి తప్పనిసరి.

ఇది కాంపిటీటివ్ పద్ధతి: శాంపిలులోని పీజీఈ2, ట్రేసర్ (రంగు తెప్పించే ఎంజైము తగిలించిన పీజీఈ2) ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. అందుకే రంగు ఎక్కువైతే పీజీఈ2 తక్కువని అర్థం. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ట్రేసర్ కిట్లలో మామూలుగా శాంపిలు, ట్రేసర్, యాంటీబాడీ మూడూ 50 మైక్రోలీటర్ల చొప్పున వేసి, మూతేసి 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచుతారు. స్టాండర్డు 1000 పికోగ్రాములు/మి.లీ. నుంచి సగం సగం చేస్తూ 7.8 దాకా, ప్రతిదీ రెండేసి బావుల్లో. పీజీఈ2 లేని బీ0 బావులు, యాంటీబాడీ లేని ఎన్‌ఎస్‌బీ బావులు మరవొద్దు. మర్నాడు ఐదుసార్లు కడిగి, ట్రేసర్ ఎంజైముతో రంగు తెచ్చే ఎల్మన్ రీయేజెంట్ పోసి, చీకట్లో ఊపుతూ రంగు రానివ్వండి. బీ0 రీడింగ్ 0.3 దాటేదాకా తొందరపడొద్దు. కడగడం సరిగా లేకపోతే ఎన్‌ఎస్‌బీయే మొదట పెరిగి చెప్పేస్తుంది.

శాంపిలు 0.42, ఎన్‌ఎస్‌బీ 0.02, బీ0 0.82 అనుకోండి: రెండింటిలోంచీ ఎన్‌ఎస్‌బీ తీసేసి, 0.40ని 0.80తో భాగిస్తే బీ0లో 50 శాతం. 20, 80 శాతాల మధ్య పడ్డ విలువలనే నమ్మండి. వక్రరేఖకు నాలుగు పరామితుల లాజిస్టిక్ ఫిట్ వాడండి, సరళరేఖ గీయొద్దు.

ప్రతి కొత్త రకం శాంపిలుకూ రెండు డైల్యూషన్లు వేయండి. డైల్యూషన్‌తో గుణించాక రెండింటి మధ్య తేడా 20 శాతం మించితే ఏదో అడ్డం పడుతున్నట్టే. అప్పుడు శాంపిలును పీహెచ్ 4కు తెచ్చి సీ18 కాలమ్‌లో (కొవ్వు జాతి పదార్థాలను పట్టుకునే వడపోత గొట్టంలో) శుద్ధి చేయండి. ఇథైల్ ఎసిటేట్‌తో దించాక నైట్రోజన్ కింద పూర్తిగా ఆరబెట్టి బఫర్‌లో కలపాలి. ద్రావణి చుక్క మిగిలినా యాంటీబాడీ దెబ్బతింటుంది. తెలిసిన మోతాదు పీజీఈ2ను మరో ట్యూబులోని అదే శాంపిలుకు కలిపి అదే కాలమ్ దాటించి చూస్తే ఎంత పోయిందో లెక్క తేలుతుంది.