స్క్రాప్ యార్డులో ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేటప్పుడు

బొలెరో, సుమో లాంటి బండ్లలో గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే పొడవాటి గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్. పాతది కొనేవాళ్లు బోల్టులు ముట్టుకునే ముందే గొట్టాన్ని చేత్తో తడిమి చూడండి. షాఫ్ట్ చివర కీలులో ఉండే క్రాస్ లూజుగా ఉంటే కొత్తది వేయించుకోవచ్చు. గొట్టం సొట్టపడితే మాత్రం వదిలేయండి, స్పీడులో వణుకు తప్పదు.

అసలు పని స్లిప్ జాయింట్ దగ్గరుంది, అంటే షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి జారే చోట. రెండు ముక్కలూ జారి విడిపోకముందే రెండింటి మీదుగా ఒకే గీత పెయింటుతో గీయండి. ఆ వరుస తప్పించి బిగిస్తే మంచి షాఫ్ట్ కూడా వణుకుతుంది. తుప్పు బోల్టులకు డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి కాసేపు ఆగండి, విప్పేటప్పుడు తలలు అరిగే ప్రమాదం తగ్గుతుంది.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టించండి. చక్రాలకు అడ్డు తప్పనిసరి. షాఫ్ట్ ఊడాక గేర్లో ఉన్న బండి కూడా దొర్లుతుంది.