మొదటి ఫ్లాష్‌ను ఎంచుకోవడం

కొత్తగా ఫోటోగ్రఫీ నేర్చుకునేవారు కెమెరాకు విడిగా బిగించే బయటి ఫ్లాష్‌ను కొనేటప్పుడు, ధర కన్నా ముందు దాని తల పైకీ పక్కలకూ తిరుగుతుందో లేదో చూడాలి. హన్మకొండలోని ఒక ఇంట్లో పెళ్లికూతురిని చేసే వేళ, వెలుగును తెల్లని స్లాబు మీదికి కొట్టి కిందికి రప్పిస్తే ముఖాలపై నీడలు ఎంతో మెత్తబడతాయి. పెంకుటిల్లయితే సున్నం వేసిన తెల్లగోడను వాడుకోవాలి.

ఫ్లాష్ శక్తిని తెలిపే గైడ్ నంబరును, లెన్సు రంధ్రం ఎంత తెరిచి ఉందో చెప్పే ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం తెలుస్తుంది: ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 వద్ద గైడ్ నంబరు 40 మీటర్లయితే, ఎఫ్/4 దగ్గర 10 మీటర్లు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, వేయిస్తంభాల గుడి దగ్గర రాత్రి బతుకమ్మ ఆటలో దూరపు వలయాలకు ఫ్లాష్ చాలదు. దానిని దగ్గరి ముఖాలకే ఉంచి, షట్టర్ వేగాన్ని 1/30 సెకనుకు తగ్గిస్తే వెనుక దీపాలు కూడా చిత్రంలోకి వస్తాయి.

లెన్సు గుండా వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ శక్తిని కెమెరాయే నిర్ణయించే టీటీఎల్ పద్ధతి సౌకర్యమే అయినా, మొదటి నెల ఆ శక్తిని మనమే అమర్చుకునే మాన్యువల్‌లోనే సాధన చేయడం మేలని నా అభిప్రాయం. కొనేముందు దుకాణంలోనే మీ కెమెరాకు బిగించి చూసుకోండి.