కష్టకాలంలో స్వభావం – 3వ పాఠం: మన పట్టు దేని మీద?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? కష్టమో చిరాకో ఎదురైన పది నిమిషాల్లోపు మనసులో మెదిలిన మొదటి మాటను ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. "అంతా దైవేచ్ఛ" అని రాసుకున్నవాళ్లు ఒక్కసారి వెనక్కి వెళ్లి చూసుకోండి. నా అనుభవంలో అది మొదటి మాట కాదు, మూడోదో నాలుగోదో అయ్యుంటుంది.

ఈ పాఠానికి ఒకే పదం: ధృతి. ధైర్యం అని అర్థం చెప్పేస్తారు గాని, గీత 18వ అధ్యాయంలో 33 నుంచి 35 వరకు ఉన్న శ్లోకాలకు 'పట్టు' అన్న మాటే బాగా కుదురుతుంది. మన స్వభావంలో మూడు గుణాలున్నాయంటుంది గీత: సత్త్వం అంటే నిర్మలత, రజస్సు అంటే ఆశ, ఆరాటం, తమస్సు అంటే మబ్బు, బద్ధకం. పట్టు కూడా వాటిని బట్టే మూడు రకాలు. సాత్త్వికమైన పట్టు మనసు, ప్రాణం, ఇంద్రియాల పోకడలను అదుపులో ఉంచుతుంది. రాజసం ఫలం మీద ఆశతో ధర్మార్థకామాలను పట్టుకుంటుంది. ఇక తామసికి పట్టే ఉండదనుకుంటాం కదా? గీత అలా అనదు. నిద్రను, భయాన్ని, శోకాన్ని, విషాదాన్ని, మదాన్ని వదలని ధృతి తామసం అంటుంది. దిగులుపడి కూర్చున్నవాడిది కూడా గట్టి పిడికిలే.

అరణ్యపర్వంలో భీముడి వాదన చూడండి. అడవికి వచ్చి పదమూడు నెలలైంది, వాటినే పదమూడేళ్లుగా లెక్కవేసుకో, ఇక యుద్ధానికి కదులు అంటాడు అన్నతో. మాట తప్పిన పాపమా? బరువు మోసే మంచి ఎద్దుకు కడుపునిండా మేత పెడితే పోతుందట! పిరికితనమూ బద్ధకమూ లేని మనిషి; ఫలం మాత్రం ఇప్పుడే చేతికి రావాలి. ధర్మరాజు ఒప్పుకున్న గడువును పట్టుకున్నాడు. అలాగని ఆయనకు సాత్త్వికుడని చీటీ అంటించేయకండి, పాచికల దగ్గర ఆ పట్టు ఏమైందో తెలిసిందే.

పేరులోనే 'ధృత' ఉన్న ధృతరాష్ట్రుడి సంగతి ఇంకా విచిత్రం. ఉద్యోగపర్వంలో రాత్రంతా నిద్రపట్టక విదురుడి చేత నీతి చెప్పించుకుంటాడు. అంతా విని, నువ్వు చెప్పింది నిజమే, నా బుద్ధీ అలాగే ఉంటుంది, దుర్యోధనుడు ఎదురుపడగానే మళ్లీ తిరగబడుతుంది అంటాడు. తన స్వభావం తెలిసినా పిడికిలి విప్పలేకపోయాడు.

ఇప్పుడు నా నోటుపుస్తకం. పోయిన వేసవిలో మా బోరు ఎండిపోయినప్పుడు రాసుకున్న మొదటి మాట: "పక్కింటివాళ్లు లోతుగా వేయించడం వల్లే." కోపం కాబట్టి పక్కన 'రాజసం' అని రాశాను. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ఈలోగా ట్యాంకరుకు ఫోను చేసింది మా ఆవిడ. నాలుగో రోజు 'రాజసం' కొట్టేసి 'తామసం' అని దిద్దాను. ఆ కోపంతో నేను చేయబోయిందేమీ లేదు, దాన్ని పట్టుకుని కూర్చున్నానంతే. ఆవేశాన్ని బట్టి గుణాన్ని తేలిస్తే ఇలాగే పొరబడతాం.

ఈ వారం పని: పాత మాటల్లో ఒకటి ఎంచుకోండి. రోజూ ఒకే వేళకు, ఆ విషయంలో ఇంకా దేన్ని వదల్లేదో ఒక్క వాక్యంలో రాయండి. నిన్నటి వాక్యాన్ని చూసి రాయకూడదు. ఏడో రోజున అన్నీ వరసగా చదివి, మారని పదం కింద గీత గీయండి.

వచ్చే పాఠం 14వ అధ్యాయం పదో శ్లోకం మీద. ఒక గుణం మిగతా రెంటినీ అణచి పైకి రావడం గురించి. గీత గీసిన ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, పని దానితోనే.