బెర్గెన్‌కి వీకెండ్ ట్రిప్పా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

నార్వేలో బెర్గెన్ వెళ్తున్నాం, వాన పడుద్దంటారా అని చాలామంది అడుగుతుంటారు. పడుద్దండీ, డౌటే లేదు. ఏడాదిలో 200 రోజులకి పైగా వాన పడే ఊరు అది, సముద్రం మీంచి వచ్చే మబ్బులు చుట్టూ ఉన్న కొండలకి తగిలి అక్కడే కురిసేస్తాయి, 2006 అక్టోబర్ ఆఖర్లో మొదలైతే 85 రోజులు ఒక్కరోజు కూడా గ్యాప్ ఇవ్వలేదంట. మే నెల కాస్త నయం, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా దంచుద్ది. వాన లేని వీకెండ్ కోసం డేట్లు మార్చుకుంటూ కూర్చుంటే మీరు ఎప్పటికీ వెళ్ళరు.

గొడుగు మీద ఆశ పెట్టుకోకండి, హార్బర్ గాలికి తిరగబడి చువ్వలు వంగిపోతాయి. హుడ్ ఉన్న రెయిన్ జాకెట్, పైన తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, నీళ్ళు దిగని బూట్లు, ఈ మూడూ ఉంటే చాలు. జీన్స్ మాత్రం వద్దు, ఒకసారి తడిసిందంటే తెల్లారేదాకా ఆరేసినా నడుం పట్టీ దగ్గర, జేబుల దగ్గర చెమ్మ అలాగే ఉంటది. అసలు వాన కంటే తడి కాళ్ళే ట్రిప్పుని పాడుచేస్తాయి, అందుకే రెండు జతల సాక్సులు జిప్ కవర్లో పెట్టి బ్యాగులో వేసుకోండి. అక్కడ చాలా బాత్రూముల్లో నేల కింద హీటింగ్ ఉంటది, రాత్రి సాక్సులు ఆ నేల మీద పరిచేసి, బూట్లలో పాత పేపర్ ఉండలు కుక్కి పడుకుంటే పొద్దునకి వేసుకునేలా అవుతాయి.

బ్రిగ్గెన్‌లో అంటే హార్బర్ పక్కనున్న పాత పేటలో, చెక్క ఇళ్ళ మధ్య సందులున్నాయి చూశారూ, ఫొటోల్లో అందరూ పెట్టేవి, 1702 అగ్నిప్రమాదం తర్వాత మళ్ళీ కట్టినవి, 1979 నుంచి యునెస్కో లిస్టులో ఉన్నాయి. అక్కడ కింద కూడా చెక్కలే, తడిస్తే జర్రున జారతాయి, ఫోన్ చూసుకుంటూ నడవకండి, పిల్లల్ని పరిగెత్తనీయకండి.

ఇక డబ్బులు. ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ ఎక్కారంటే ఫస్ట్ దెబ్బ అక్కడే. బీబానెన్ అనే ట్రామ్ ఉంది, ముప్పావుగంటలో ఊళ్ళోకి దింపుద్ది, మామూలు సిటీ టికెట్టే సరిపోద్ది, కాకపోతే అక్కడి బస్సు, ట్రామ్ టికెట్లు అమ్మే స్కిస్ యాప్‌లో ఎక్కకముందే కొనేయండి, చెకింగ్ వాళ్ళకి దొరికితే ఫైన్ గట్టిగానే ఉంటది. కార్డు గీకినప్పుడు మిషను మీ దేశం కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే నార్వే కరెన్సీ క్రోనర్లే నొక్కండి. మంచినీళ్ళు కుళాయివే తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

ఫిష్ మార్కెట్‌లో రేటు 100 గ్రాములకి రాసి ఉంటది, చూడగానే పర్లేదులే అనిపిస్తది, ప్లేటు నింపి తూకం వేశాక తెలుస్తది అసలు సంగతి. మొత్తం ఎంతవుద్దో వండకముందే అడగండి, ఇందులో మొహమాటం దేనికి.

అన్నిటికంటే ముఖ్యం ఆదివారం. పెద్ద సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, తెరిచుండేవి చిన్న కొట్లూ పెట్రోల్ బంకులే, రేట్లు ఇంకా ఎక్కువ. శనివారం సాయంత్రమే కివీ, రెమా లాంటి సూపర్‌మార్కెట్లో ఆదివారం రాత్రి దాకా సరిపడా తెచ్చుకోండి, కిచెన్ ఉన్న రూమ్ తీసుకుంటే సగం ఖర్చు అక్కడే తగ్గుద్ది. బీరు కావాలన్నా శనివారం ఆరింటి లోపే, తర్వాత షాపులో అమ్మరు. యూరప్ బయట నుంచి డైరెక్టుగా వచ్చేవాళ్ళు నెయ్యి, పాల స్వీట్లు, చికెన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి, కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు.

కొండల విషయంలో కొంచెం సీరియస్‌గా ఉండండి. ఫ్లోయెన్ 320 మీటర్లే, 1918 నుంచి నడుస్తున్న రోప్ రైలు కొన్ని నిమిషాల్లో పైకి చేర్చుద్ది, రాత్రి దాకా ఉంటది కాబట్టి క్రూజ్ షిప్పుల జనం ఉండే పొద్దున పూట మానేసి సాయంత్రం వెళ్ళండి. పైన మబ్బు కమ్మేస్తే టికెట్ డబ్బులకి తెల్లటి గోడ తప్ప ఏం కనపడదు, ఎక్కేముందు హార్బర్ దగ్గర నించుని తలెత్తి చూస్తే చాలు. స్టోల్ట్‌జెక్లైవెన్ రాతి మెట్లు మాత్రం వానలో దిగొద్దు, బాగా నిటారు. ఊల్రికెన్ 643 మీటర్లు, గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు, పైనుంచి ఫ్లోయెన్ దాకా నడిచే దారి గంటల తరబడి ఉంటది, పొగమంచులో గుర్తులు కనపడవు, అలాంటి రోజు ఎవరెంత బతిమాలినా వద్దనేయండి. అంబులెన్స్ 113, పోలీస్ 112. వాతావరణానికి వైఆర్ యాప్ చూడండి, రోజుది కాకుండా గంటగంటకీ ఇచ్చేది, వానకి వానకి మధ్య అరగంట ఖాళీ దొరికితే అప్పుడే బయటపడాలి.

ఓస్లో నుంచి రైల్లో వచ్చేవాళ్ళకి ఇంకోటి. సుమారు ఏడు గంటల ప్రయాణం, దారిలో ఫిన్సె స్టేషన్ 1222 మీటర్ల ఎత్తులో ఉంటది, చలికాలం మంచుకి లేటవ్వచ్చు, ఒక్కోసారి క్యాన్సిల్ కూడా. ఆదివారం రాత్రి ఓస్లోలో ఫ్లైట్ ఉంటే మధ్యాహ్నం రైలు నమ్ముకోకండి, పొద్దున్నదే ఎక్కేయండి.