చాసర్ పొగిడితే వెంటనే నమ్మకండి: కాంటర్‌బరీ యాత్రికుల్ని చదవడం ఎలా?

కాంటర్‌బరీ టేల్స్ అనగానే ఇంగ్లీష్ సిలబస్ గుర్తొచ్చి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీష్ కవి జెఫ్రీ చాసర్ రాసిన పుస్తకం ఇది, కాంటర్‌బరీకి వెళ్లే యాత్రికులు దారిలో చెప్పుకునే కథలు. కథల సంగతి తర్వాత చూద్దాం. ముందు జనరల్ ప్రోలాగ్ ఒక్కటే తీసుకోండి, అంటే యాత్రికుల్ని పరిచయం చేసే ముందుమాట, మొత్తం 858 పంక్తులు. ఏప్రిల్ నెలలో లండన్ దగ్గర సదర్క్‌లో, టాబర్డ్ అనే సత్రంలో 29 మంది దిగుతారు. 1170లో తన కెథీడ్రల్‌లోనే హత్యకు గురైన ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ సమాధి చూడ్డానికి కాంటర్‌బరీ వెళ్తున్నవాళ్లు వీళ్లంతా.

మొదటి మాట, వరసగా చదవకండి. రోజుకి ఒక్క మనిషి చాలు. చాసర్‌ది పాతకాలం ఇంగ్లీష్, పక్కన ఆధునిక ఇంగ్లీష్ అనువాదం పెట్టుకోండి, అందులో నామోషీ ఏం లేదు.

ప్రియరెస్‌తో మొదలుపెట్టండి, అంటే సన్యాసినుల మఠానికి పెద్దావిడ. కాగితం మీద రెండు గళ్లు గీసి, ఎడమవైపు చాసర్ అన్న మాట, కుడివైపు మన కంటికి కనిపించింది రాయండి. ఎడమవైపు "ఎంత దయగలదో!" అని వస్తుంది. కుడివైపు ఏమొస్తుందంటే, బోనులో పడ్డ ఎలుకని చూసినా ఏడుస్తుంది, తన కుక్కపిల్లలకి కాల్చిన మాంసం, పాలు, మేలురకం తెల్ల రొట్టె పెడుతుంది. ఆ రొట్టె అప్పట్లో పేదలకి రోజూ దొరికేది కాదు, పైగా మఠాల్లో కుక్కల్ని పెంచొద్దని బిషప్పులు మొత్తుకునేవాళ్లు. దయ అన్నాక వచ్చినవి ఎలుక, కుక్కలు, అంతే, మనిషి ఒక్కడూ లేడు! ఆ మాట మాత్రం చాసర్ నోటివెంట రాదు. అంతకుముందే ఆవిడ భోజనం మర్యాద గురించి, తాగిన కప్పులో జిడ్డు మరక కూడా తేలకుండా పై పెదవి తుడుచుకునే తీరు గురించి తీరిగ్గా చెప్పి ఉంటాడు. మన అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అంటారే, పొగుడుతున్నట్టే ఉండి తిట్టడం, దానికి చాలా దగ్గరి సరుకు ఇది.

తర్వాత, ఏ పంక్తి పక్కన ఏ పంక్తి ఉందో చూడండి. వంటవాడి కాలి మీద పుండు ఉంది, అయ్యో పాపం అంటాడు చాసర్, మరుక్షణమే బ్లాంక్‌మాంజె చేయడంలో వాడికి సాటి లేదంటాడు. అది కోడిమాంసం, బియ్యం, బాదంపాలతో చేసే తెల్లటి వంటకం. ఇంక తినబుద్ధి అవుతుందా మీకు?

చాసర్ ఎవరితోనైనా "నిజమే" అని తలూపితే అక్కడ ఆగండి. మఠంలో కూర్చుని పుస్తకాలతో బుర్ర పాడుచేసుకోవడం దేనికి అనే సన్యాసి, చేతులకి ఖరీదైన బొచ్చు అంచు కుట్టించుకుని వేటకుక్కల్ని పెంచేవాడు. ఆయన అభిప్రాయం మంచిదే అంటాడు చాసర్!

అందరూ ఇంతేనా అంటే కాదు. పల్లె పాస్టర్‌ని చూడండి. మొహం ఎలా ఉంటుందో, ఏం బట్టలు వేసుకున్నాడో ఒక్క ముక్క లేదు. చేతిలో కర్ర, వానలో ఉరుముల్లో దూరపు ఇళ్లకి నడక. ఇక్కడ పొగడ్త నిజంగా పొగడ్తే.

బాత్ అనే ఊరి నుంచి వచ్చిన ఆవిడని (వైఫ్ ఆఫ్ బాత్) మీరే ప్రయత్నించండి. ఐదుగురు మొగుళ్లు, ఎర్ర మేజోళ్లు, జెరూసలేంకి మూడు యాత్రలు, కొంచెం చెవుడు. చెవుడు ఎందుకొచ్చిందో ఇక్కడ చెప్పడు. దానికోసం ఆవిడ సొంత ప్రోలాగ్ దాకా వెళ్లాలి, అక్కడ ఐదో మొగుడి పుస్తకంలోంచి ఆవిడ పేజీలు చింపుతుంది, ఆ గొడవలో అతను కొట్టిన దెబ్బకే చెవుడు.