చేతితో చేసిన లూర్‌కు సజీవ ఎర తగిలించినా చేప పడకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్క వంటి తేలికపాటి కర్రను చేప ఆకారంలో చెక్కి, పాత సీడీ ముక్కను మూతి దగ్గర పలకగా అమర్చి, రంగు వేసి తయారుచేసుకున్న లూర్‌ను, అంటే చేపను మోసగించే కృత్రిమ ఎరను, చెరువులో ఎన్నిసార్లు విసిరినా చేప తగలనప్పుడు, దాని కొక్కేనికి ఒక వానపామును, అంటే ఇక్కడి మాటలో ఎర్రను, గుచ్చి చూద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అది కొన్నిచోట్ల నిజంగా ఫలిస్తుంది, కొన్నిచోట్ల ఉన్న అవకాశాన్నీ చెడగొడుతుంది. లూర్ కదలికతో చేపను పిలుస్తుంది. ఎర్ర వాసనతో, రుచితో పిలుస్తుంది. ఒకదానికి వేగం కావాలి, మరొకదానికి నిదానం కావాలి. హైదరాబాద్ పరిసరాల్లో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకే దారానికి కట్టి, ఒకే వేగంతో లాగడం వల్ల వచ్చేవే.

సమస్య: ఎర్రను గుచ్చగానే లూర్ ఊగడం మానేసింది

లాగినప్పుడు నీరు మూతి పలకను నెట్టడం వల్ల లూర్ కుడిఎడమలకు ఊగుతుంది. ఆ ఊపు నీటిలో పుట్టించే ప్రకంపనను చేప తన ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖతో గుర్తిస్తుంది. ముందు కొక్కేనికి వేలెడు పొడవు ఎర్ర వేలాడితే ఆ ఊపుకు అది పగ్గం వేసినట్టవుతుంది. వెనక కొక్కేనికి బరువైన ఎర తగిలిస్తే తోక కిందికి దిగి, పలక నీటిని తాకే కోణమే మారిపోతుంది. కొన్న లూర్‌లలో కంటే చేతితో చేసినవాటిలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే తేలికైన చెక్కలో బరువును మనం చేత్తో అంచనా వేసి సరిచేస్తాము కాబట్టి ఒక గ్రాము అదనంగా చేరినా సమతూకం తప్పుతుంది.

చెరువుకు వెళ్లకముందే ఇంట్లో డ్రమ్ములోనో, నీళ్లతొట్టిలోనో లూర్‌ను ముందు ఎర లేకుండా, తరువాత ఎరతో లాగి చూడాలి. ఊపు తగ్గితే ఎర్రను రెండు సెంటీమీటర్ల ముక్కకు కుదించి, వెనక కొక్కేనికి మాత్రమే గుచ్చాలి. అప్పటికీ తగ్గితే ఎర తీసేయడమే మంచిది. సజీవ ఎర తప్పనిసరి అనుకుంటే దానికి తగిన పరికరం వేరు: సీసపు తల, ఒకే కొక్కెం ఉన్న జిగ్ దాని ఊపు కోసం పలక మీద ఆధారపడదు కనుక ఎర్రను మోయగలదు. పాత స్టీలు చెంచాను కోసి చేసిన స్పూన్ కూడా సన్నని ముక్కను కొంతవరకు భరిస్తుంది.

సమస్య: కొరమీను లూర్ వెంటపడి, దగ్గరికొచ్చి తిరిగిపోతోంది

ఇది ఎర లేనందువల్ల వచ్చిన సమస్య కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను చూపుతో, నీటి కదలికతో వేటాడుతుంది; గాలి పీల్చుకోవడానికి పైకి వస్తూ, గుర్రపుడెక్క అంచుల్లోనూ తుంగలోనూ పొంచి ఉంటుంది. తేట నీటిలో ఒకే వేగంతో సాగిపోయే వస్తువును అది అనుమానిస్తుంది. కప్ప ఆకారపు రబ్బరు లూర్‌ను రెండుమూడు మూరలు లాగి, నాలుగు క్షణాలు ఆపి, మళ్లీ కదిపితే దాడి చేసే అవకాశం పెరుగుతుంది. కప్ప లూర్‌కు ఎర్రను గుచ్చడం నష్టమే, ఎందుకంటే దాని కొక్కేలు వీపుకు అతుక్కుని ఉండటం వల్లే అది కలుపులో చిక్కుకోకుండా జారుతుంది. ఎర వేలాడగానే ఆ సుగుణం పోతుంది.

ఇక్కడ ఒక విన్నపం. వానాకాలంలో నీటి మీద ఎర్రని రంగులో చిన్న కొరమీను పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే, దాని కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని అర్థం. అవి దగ్గరికి వచ్చిన దేనినైనా కరుస్తాయి. అక్కడ పడిన చేపను బట్టి లూర్ మంచిదనో, ఎర పనిచేసిందనో తేల్చుకోలేము. పైగా ఆ తల్లిని తీసేస్తే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. దయచేసి అక్కడ గాలం వేయకండి.

సమస్య: బురద నీటిలో ఏ లూర్‌కూ స్పందన లేదు

మృగశిర కార్తె తరువాత వానలకు చెరువుల్లోకి కొత్త నీరు చేరి మట్టిరంగు తిరిగినప్పుడు చూపు పనిచేయదు. ఆ సమయంలో జెల్ల, వాలుగ వంటి మీసాల చేపలు మీసాలతో రుచి చూస్తూ అడుగున మేత వెతుక్కుంటాయి. సజీవ ఎర నిస్సందేహంగా మేలు చేసే సందర్భం ఇదే. జిగ్‌కు పూర్తి ఎర్రను గుచ్చి, అడుగుకు దిగనిచ్చి, నిమిషానికి ఒకటి రెండుసార్లు మాత్రమే కదపాలి. అయినా ఫలితం లేకపోతే లూర్‌ను వాసన చూడండి. ఎనామిల్ రంగు, వార్నిష్ పూర్తిగా ఆరకపోతే ఆ ఘాటు నీటిలో కలుస్తుంది; బండిలో పెట్రోలు పోయించుకున్న చేతులతోనే ఎర గుచ్చినా అంతే. రంగు వేసిన లూర్‌ను వారం రోజులు గాలికి ఆరనివ్వాలి, చేతులను చెరువు మట్టితో రుద్ది కడుక్కోవాలి.

బొచ్చె, రోహు కోసమైతే లూర్ ఆలోచనే మానుకోవచ్చు. వాటికి పిండి ముద్ద సరైన ఎర.

సమస్య: ఎర సగం తెగిపోయి, కొక్కెం ఖాళీగా వస్తోంది

తిలాపియా వంటి చిన్న నోటి చేపలు వేలాడే కొసను కొరికి వదిలేస్తున్నాయి. కొక్కెం మొన దాటి వేలాడే భాగాన్ని గోరంతకు తగ్గించి, చిన్న కొక్కేనికి మారాలి. విసిరేటప్పుడే ఎర ఊడిపోతుంటే దానిని ఒకచోట గుచ్చి వదలకుండా కొక్కెం వంపు పొడవునా ఎక్కించి, రాడ్డును పక్క నుంచి మెల్లగా ఊపి వేయాలి.

సమస్య: ఎర చెరువుకు చేరేలోపే చచ్చిపోతోంది

చిన్న చేపలు, రొయ్యలు చావడానికి నగరంలో మొదట అనుమానించవలసింది నల్లా నీటిలోని క్లోరిన్‌ను. ఒక రాత్రంతా వెడల్పాటి బకెట్‌లో తెరిచి ఉంచిన నీటిని, లేదా ఆ చెరువు నీటినే వాడాలి. ఎర్రలకు ఎండే శత్రువు. తడి మట్టి నింపిన డబ్బాకు గాలి ఆడేలా చిల్లులు పెట్టి, తడి గోనెపట్టా చుట్టి, నీడలో ఉంచాలి.

సమస్య: ఎర వల్లే చేప పడిందా లేదా అన్నది తేలడం లేదు

ఒక సాయంత్రం ఎరతో మూడు చేపలు పడ్డాయన్నది ఋజువు కాదు, ఎందుకంటే చీకటిపడే వేళకు చేప తనంతట తానే మేతకు కదులుతుంది. ఒకే రకం లూర్‌లు రెండు చేసి, ఒకే చోట, పదిహేను విసుర్లు ఎరతో, పదిహేను విసుర్లు ఎర లేకుండా మార్చిమార్చి వేయాలి. ఇద్దరు కలిసి వెళితే ప్రతి వంతుకూ రాడ్డులు మార్చుకోవాలి. లేకపోతే చేతివాటంలోని తేడా ఎర ఖాతాలో పడుతుంది. తగిలిన కాట్లను, గట్టుకు చేరిన చేపలను చీటీలో వేర్వేరుగా రాయండి. ఎర వల్ల కాట్లు పెరిగి, చేపలు పెరగకపోతే లోపం కొక్కెం పరిమాణంలోనో, దాని స్థానంలోనో ఉంది. ఇలా నాలుగైదుసార్లు, వేర్వేరు నీటి రంగుల్లో రాసుకున్నాకే ఒక మాట అనుకోవచ్చు. దీనికంతటికీ ముందు ఆ చెరువు మీద హక్కున్న మత్స్యకారుల సహకార సంఘాన్ని అడిగి అనుమతి తీసుకోవడం అవసరం, అది వారి జీవనాధారం.

సమస్య: చేప కొక్కేన్ని లోపలికంటా మింగేస్తోంది

ఉత్త లూర్‌ను కరిచిన చేప చెక్క రుచి తెలియగానే వదిలేయబోతుంది, అందుకే కొక్కెం ఎక్కువగా పెదవికే తగులుతుంది. అసలైన ఎర ఉంటే నమ్మి మింగుతుంది. కాటు తెలిసిన వెంటనే దారం బిగించాలి, కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసుకోవాలి. వదిలేయదలచిన చేప గొంతులో కొక్కెం దిగిపోతే దానిని పెకలించవద్దు. దారాన్ని నోటి దగ్గరగా కత్తిరించి నీటిలోకి వదలండి. మిగిలిన ఎర చేపలను మాత్రం, అవి ఎక్కడివో ఏ జాతివో తెలియనప్పుడు, ఆ చెరువులోకి ఎట్టి పరిస్థితిలోనూ పారబోయకండి.